మూల తిరిగే బండి

"వల్దీ, కారు వెనక కట్టుకుపోయే ఇల్లు ఉంటుందే, అది మా అక్క సందులో మూల తిరుగుతుందా?"

హబూబా ఈ మాట అడిగినప్పుడు నేను సీబ్‌లో మా అర్బాబ్ ఇంటి ముందు కారు అద్దాలు తుడుస్తున్నాను. అర్బాబ్ అంటే నాకు పని ఇచ్చిన యజమాని. హబూబా ఆయన తల్లి. ఒమాన్ ఇళ్లలో నానమ్మను, అమ్మమ్మను అలా పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను; ఆమె నన్ను వల్దీ, అంటే నా కొడుకా, అంటుంది. ఆమె చక్రాల కుర్చీలో గేటు నీడన కూర్చుని ఉంది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో డ్రైవర్ డ్యూటీ చేస్తున్నాను గనుక ఆమె అరబ్బీ నా చెవిలో తెలుగులాగే పడుతుంది. ఇక్కడా అలాగే రాస్తాను.

"తెలీదు హబూబా. చూసి చెప్తా," అన్నాను.

"చూసే చెప్పు. మీ అర్బాబ్ తిరుగుతుందంటున్నాడు. వాడికి ఏది కొనాలనిపిస్తే అది అన్ని మూలలూ తిరుగుతుంది."

ఆమె అక్క ఇబ్రిలో ఉంటుంది. సీబ్ నుంచి కారులో మూడు గంటల దారి. అక్క మంచం పట్టి రెండేళ్లయింది. హబూబాకు నడుము కింద బలం లేదు. అక్క ఇంటి గడపకు మూడు మెట్లున్నాయి. స్నానాల గది పెరటి చివర ఉంటుంది, దాని తలుపులో చక్రాల కుర్చీ పట్టదు. ఈ రెండేళ్లలో నేను ఆమెను రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ ఆమె తెల్లవారినప్పటి నుంచి మంచినీళ్లు ముట్టకుండా ప్రయాణం చేసింది. అక్క పక్కన కూర్చుని కాఫీ గిన్నె పెదవులకు ఆనించి దించేసింది. సాయంత్రపు అసర్ నమాజు కాకముందే "పోదాం పద" అంది. రెండోసారి సీబ్ చేరాక నాతో ఇలా అంది: "అతిథిలాగా వెళ్లి అతిథిలాగా వచ్చాను. నాకు మూడు రాత్రులు కావాలి వల్దీ. అక్క దగ్గర మూడు రాత్రులు."

ఆమెకు కావలసింది అంతే. లోపలే బాత్రూం ఉన్న కారవాన్ ఒకటి కొని అక్క గుమ్మం పక్కన నిలబెట్టాలన్న ఆలోచన అలా పుట్టింది. చలికాలంలో ఒమానీలు కుటుంబాలతో ఇసుక దిబ్బల్లోకి వెళ్లి గుడారాలు వేసుకోవడం, ఉన్నవాళ్లు కారవాన్లు లాక్కెళ్లడం మామూలే. మా అర్బాబ్‌కు ఎన్నాళ్లుగానో ఆ కోరిక ఉంది. తల్లి మాట విన్న వారంలోనే ఆయన ఒకటి చూసి పెట్టారు. దానికి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, ఆరుగురికి మంచాలు, గోడకు టీవీ. బాత్రూం మాత్రం నిజంగా పెద్దది, కుర్చీ లోపలికి పోయి తిరిగి రాగలదు.

"అమ్మ కోసమే," అన్నారు అర్బాబ్, టీవీ వంక చూస్తూ.

నాకూ అది నచ్చింది. అయినా అమ్మేవాణ్ణి అడిగాను, ఇది ఇరుకు సందులో ఎలా తిరుగుతుందని. "కారు ఎలా తిరిగితే ఇదీ అలాగే" అన్నాడు. ఆ జవాబు నాకు నమ్మబుద్ధి కాలేదు. కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి. దీని చక్రాలు ఎటూ తిరగవు. మరి తిరిగేదేమిటి? ఇన్నేళ్లు బండి నడిపి, వెనక ఏదీ కట్టుకుని నడపలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

ఆ సాయంత్రం సీబ్ పక్కనున్న మబేలాలో చాయ్ హోటల్ బల్ల మీద ప్రయోగం మొదలుపెట్టాను. నా ఫోను కారు, టిష్యూ డబ్బా కారవాన్, రెంటి మధ్య పళ్లపుల్ల. ఖాళీ కాగితపు కప్పులు రెండు వరసల్లో పెట్టి సందు కట్టాను, ఒక చోట మూల తిప్పాను. ఫోను వెళ్లిన దారిలో డబ్బా రావడం లేదు. లోపలి వైపు అడ్డదారి పట్టి, మూల మీది కప్పును ప్రతిసారీ పడగొడుతోంది. ఫోను ఇంకాస్త దూరం పోయి తిరిగితే డబ్బా వెనక భాగం బయటి కప్పులను తోసేస్తోంది.

"ఏం మౌలానా, కప్పులను గిట్ల లైన్ల నిలవెట్టినవ్. ఇమామ్ ఎవలు, గీ టిష్యూ డబ్బనా?"

నన్ను మౌలానా అని పిలిచేది ఒక్కడే. అతనిది జగిత్యాల వైపు పల్లె. మబేలా వర్క్‌షాపుల్లో వెల్డర్. మేకలకు, పడవలకు, నీళ్ల డ్రమ్ములకు ట్రైలర్లు చేసే షెడ్డులో పని. నేను చిన్నప్పుడు కడప దగ్గర మదరసాలో ఆరేళ్లు చదివానని తెలిసిన రోజు నుంచి ఆ పేరు ఖాయం చేశాడు. అతను మంగళవారం మాంసం ముట్టడు, రంజాన్‌లో నా ఇఫ్తారు పండ్లలో సగం అతనివి.

"కారవాన్ ప్పా ఇది. మూల తిరగల్యా చూడు," అన్నాను.

"ఎట్ల దిర్గుతది? నీ డబ్బకు ఇర్సు ఏడుంది?"

"ఇరుసు యాడుంటే ఏమి?"

అతను కూర్చున్నాడు. డబ్బా కింద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టాడు. పుల్లను వెనక్కి జరిపి తిప్పాడు, ముందుకు జరిపి తిప్పాడు. ఇరుసు వెనకుంటే ముందు భాగం లోపలి గోడను గీకుతుంది. ముందుకుంటే తోక బయటి గోడను కొడుతుంది. నేను చూస్తూ ఉండిపోయాను. ఇంత సంగతి ఒక పుల్ల చోటులో ఉందని నాకు తెలియదు.

"ఇంకోటి," అన్నాడు వెల్డర్. "మీ అర్బాబ్ జూసినదానికి రెండు ఇర్సులు గదా. గది కారు ఊడదీస్తే జరగది. నాలుగు టైర్లు భూమిని గుంజుకోని కూసుంటయ్. ఒక్క ఇర్సుదైతే ముందట చిన్న చక్రం మీద నిలవెట్టి నలుగురు చేత్తోని తిప్పచ్చు, మంచం తిప్పినట్టు. మూల దగ్గర కారు పనిజెయ్యది భాయ్, మనిషే పనిజేస్తడు."

"అయితే చిన్నది కొనాల్నా?"

"నాకేమెర్క? మూల కొల్తలు లేకుంట నన్ను అడగకు."

తరువాతి వారం అర్బాబ్ అక్కగారి ఇంటికి మందులు ఇచ్చి రమ్మని పంపితే ఇబ్రి వెళ్లాను. టేపు తీసుకెళ్లడం మరిచిపోయాను. మందులు ఇచ్చి వచ్చాక సందులో నిలబడి ఆలోచించాను. చివరికి మోచెయ్యి గోడకు ఆనించి మూరలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అక్కగారి కొడుకు బడిలో పాఠాలు చెప్పే మనిషి, యాభై దాటినవాడు. తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు.

మూరలు లెక్కపెడుతుంటే మదరసాలో చదువు చెప్పిన మా ఉస్తాద్ గుర్తుకొచ్చారు. దారి వెడల్పు గురించి ఇరుగుపొరుగుకు మాట తేడా వస్తే ఏడు మూరలు విడిచిపెట్టాలని ప్రవక్త చెప్పినట్టు ఆయన మాకు పాఠంలో చెప్పారు. "ఎవరి మూర ఉస్తాద్?" అని నేను అడిగాను. ఆయన నా చేతిని పైకెత్తి అందరికీ చూపించి, "ఈ మూర మాత్రం కాదు" అన్నారు. నాకప్పుడు పదేళ్లు. ఆ రోజు సాయంత్రం మదరసా వెనక సందును నా చిన్న మూరతో కొలిస్తే పదకొండు వచ్చింది. ఇప్పుడు ఇబ్రిలో, తిన్నగా ఉన్న సందు పొడవునా, ఎక్కడ కొలిచినా ఏడు. ఒకటి రెండు చోట్ల ఏడున్నర. ఇక్కడ ఎవరు ఎప్పుడు తగవు పడ్డారో, ఎవరు తీర్చారో అనుకున్నాను. ఆ గోడల మధ్య నడుస్తుంటే పాఠం మీద నడుస్తున్నట్టు అనిపించింది.

మూల దగ్గర మాత్రం ఆరున్నరే వచ్చింది. బయటి గోడకు ఆనుకుని ఒక సిమెంటు అరుగు ఉంది. అసర్ తరువాత ఆ వీధి ముసలివాళ్లు దాని మీద కూర్చుంటారు. మూల దాటాక సందు ఎనభై అడుగులు పోయి అక్కగారి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాత ఖర్జూరపు తోట. గుమ్మం మూడు మెట్ల ఎత్తును కూడా జానతో కొలిచి చూశాను. అప్పుడే ఒక సంగతి తట్టింది. కారవాన్ నేల భూమికి దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. దాని తలుపును గుమ్మానికి ఎదురుగా తెచ్చి మధ్యలో ఒక పలక వేస్తే మెట్లు లేనట్టే. కుర్చీ సమంగా దొర్లుకుంటూ అక్క మంచం దాకా పోతుంది. అంటే కారవాన్ మూల దగ్గర ఆగితే పనికిరాదు. గుమ్మం దాకా రావాలి.

"ఆరున్నర మూరలు," అని వెల్డర్‌కు ఫోనులో చెప్పాను.

"నీ మూర నాకెందుకు? సెంటీమీటర్ల చెప్పు."

నేను సీబ్ వచ్చాక నా మూరను టేపుతో కొలుచుకున్నాడు. గుణించాడు, గోడ మీద బొమ్మ గీశాడు, చెరిపేశాడు. "లెక్క నమ్మద్దు భాయ్. మట్టిగోడ వంగుతది, కిటికీల ఊచలు బయటికుంటయ్. పైపుల బండి జేద్దాం," అన్నాడు.

పైపుల బండి అంటే నీళ్ల పైపులతో కట్టిన చట్రం. అర్బాబ్ చూసిన కారవాన్ పొడవు, వెడల్పు ఎంతో అంతే. పొడవు నా మూరకు పన్నెండు, వెడల్పు నాలుగున్నర. ముక్కలుగా చేసి కారు మీద కట్టుకెళ్లి అక్కడ బిగించుకోవాలి. దాన్ని సందులో మోసుకెళ్తే ఎక్కడ తగులుతుందో తెలిసిపోతుంది. అర్బాబ్‌కు ఈ ఆలోచన బాగా నచ్చింది. తన కారవాన్ తిరుగుతుందని ఋజువవుతుందని ఆయన నమ్మకం.

శుక్రవారం అర్బాబ్, నేను, వెల్డర్ ఇబ్రి వెళ్లాం. అర్బాబ్, నేను జుమా నమాజు అక్కడే చదివాం. ఇక్కడివాళ్లు చేతులు కిందికి వదిలి నమాజు చేస్తారు, నేను కట్టుకుని చేస్తాను. పదకొండేళ్లయినా పక్కవాడి చేతుల వంక ఒకసారి చూడకుండా ఉండలేను. అక్కగారి ఇంట్లో భోజనం చేసి, అసర్ అయ్యాక పైపులు బిగించాం. ఇరుసు ఉండాల్సిన చోటు తెలియాలని వెల్డర్ తన రూమ్ నుంచి తెచ్చిన తెల్ల దుప్పటిని చట్రం మధ్యలో అడ్డంగా పరిచి కట్టాడు. కిటికీల ఊచలు భుజం ఎత్తులో ఉన్నాయి గనుక చట్రాన్ని భుజాల మీద పెట్టుకోవాలి అన్నాడు. ముందు అర్బాబ్, అక్కగారి కొడుకు. వెనక నేను, వెల్డర్. గోడలకు తగలకుండా నెమ్మదిగా, అడుగులో అడుగు వేస్తూ, మాట్లాడకుండా నడిచాం.

నలుగురు మనుషులు, భుజాల మీద నాలుగు కొసలు, మధ్యలో తెల్లగుడ్డ. నాకు తట్టి ఉండాల్సింది. ఆరేళ్లు చదువుకున్నవాణ్ణి, ఎన్నో జనాజాలకు, అంటే శవం మోసే పాడెలకు, భుజం పట్టినవాణ్ణి. నా కళ్లు మాత్రం కిటికీ ఊచల మీద ఉన్నాయి.

అరుగు మీద ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. మాకు దారి ఇస్తున్నారనుకున్నాను. ఇద్దరు పెదవులు కదిలించారు. ఒకాయన దిగి మాతో నడవసాగాడు. మసీదు వైపు నుంచి ఇంకొందరు వచ్చారు. ఎవరో నా భుజం మీద రెండు వేళ్లతో తట్టారు.

ఆ తట్టు నాకు తెలుసు. జనాజా మోసేటప్పుడు వెనకవాడు అలా తడితే మనం ముందుకు జరిగి చోటివ్వాలి. పుణ్యం ఒక్కడే మోసుకుపోకూడదు. నేను ఆలోచించలేదు. చోటిచ్చాను. నా పైపు కిందికి ఒక తెల్లగడ్డం ముసలాయన భుజం వచ్చింది. నేను అలవాటుగా పక్కన నడుస్తూ నోట్లో కలిమా చదువుకుంటున్నాను కూడా. పదడుగులు అలా నడిచాక గానీ మేం మోస్తున్నది వాళ్లకు ఎలా కనిపిస్తోందో నాకు తట్టలేదు.

మొదట మాట్లాడింది వెల్డరే. అతని భుజం కూడా ఖాళీ అయింది. "భాయ్, గింతమంది లేబర్‌ను ఎప్పుడు మాట్లాడినవ్?" అన్నాడు నా చెవిలో.

"లేబర్ కాదప్పా. నోరు మూసుకో," అన్నాను.

ముందు వరసలో ఒక పెద్దమనిషి అక్కగారి కొడుకును కౌగిలించుకుని, దేవుడు నీకు ఓర్పు ఇవ్వాలి అంటున్నాడు. అతని తల్లి రెండేళ్లుగా మంచంలో ఉందని వీధికంతా తెలుసు. ఆ ఇంటి వైపు తెల్లగుడ్డతో ఏదో మోసుకుపోతుంటే ఎవరైనా ఇంకేమనుకుంటారు? బడిపంతులు కదా, పాఠం అర్థంకాని పిల్లవాడిలా నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే చట్రం మూల దగ్గర ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. మోసేవాళ్లు పదిమంది అయ్యారు.

"ఇది జనాజా కాదు," అన్నారు అర్బాబ్, చాలా మెల్లగా. "ఇది కారవాన్."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఇంకా వేళ కాలేదు. ఎందుకంటే వీధి ఆడవాళ్లు అప్పటికే పెరటి దారుల గుండా అక్కగారి ఇంట్లోకి వెళ్లారు. కాసేపటికి లోపలి నుంచి ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఎవరు పోయారని మీ అమ్మ అడుగుతోంది," అంది.

"ఏం చెప్పావు?" అన్నాడు అక్కగారి కొడుకు.

"ఏం చెప్తాను? 'నువ్వేనట' అని ఆమెతోనే చెప్పాం. 'నా చెల్లి వచ్చి మూడు రాత్రులు ఉండకుండా నేను ఎక్కడికీ పోవడం లేదు, ఆ మోసేవాళ్లతో చెప్పండి' అంటోంది."

అప్పుడు నవ్వారు. తెల్లగడ్డం ముసలాయన పైపు దించకుండానే నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే అర్బాబ్ ఫోను మోగింది. సీబ్ నుంచి హబూబా. అక్క పోయిందని ఎవరో తొందరపడి కుటుంబం వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపారట. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. పక్కనే ఉన్నాను గనుక నాకూ వినిపించింది. ఆమె ఏడవడం లేదు.

"నిజం చెప్పు," అంది. "మూడు గంటల దారి. నిజం చెప్తే ఇప్పుడే బయల్దేరతాను. కారు లేకపోతే ఎవరినైనా అడుగుతాను."

అర్బాబ్ పైపుల కింది నుంచి వంగి దూరి ఇంట్లోకి పరుగెత్తారు. అరవై దగ్గరపడిన ఆ మనిషి పరుగెత్తడం నేను అదే చూడడం. నేనూ వెనకాలే గుమ్మం దాకా వెళ్లాను. కిటికీ సందు వైపే ఉంది. అక్కగారి గొంతు బయటికి స్పష్టంగా వచ్చింది.

"నేనే. ఉన్నాను. నీ కొడుకు పైపులు మోసుకొచ్చాడు. ... లేదు, నిజంగా పైపులే. ... నా గొంతు గుర్తుపట్టడం కూడా మరిచిపోయావా?"

ఫోను స్పీకరులో ఉంది. ఇద్దరూ ఒకేసారి ఏదో అని, ఇద్దరూ ఆగి, మళ్లీ ఒకేసారి మొదలుపెడుతున్నారు.

అర్బాబ్ బయటికి వచ్చారు. కళ్లజోడు తుడుచుకున్నారు. వెల్డర్ వైపు చూసి హిందీలో అన్నారు. "కొయ్యి."

"ఎంత కోయాలె?"

"తిరిగేదాకా."

ఆరు మంచాల కారవాన్ సంగతి అక్కడితో ముగిసింది. ఆయన దాని ఊసు మళ్లీ ఎత్తలేదు.

తెల్లగడ్డం ముసలాయన అరుగు చూపించి, దీన్ని పగలగొట్టండి, ఒక మూర కలిసొస్తుంది అన్నాడు. వెల్డర్ ముఖం వెలిగింది. నేను అర్బాబ్ వంక చూసి తల అడ్డంగా ఊపాను. ఎవరు పోయారో అడగకుండానే వాళ్లు లేచి నిలబడింది ఆ అరుగు మీంచే. "వద్దు, బండే చిన్నదవుతుంది," అన్నారు అర్బాబ్. ముసలాయనను క్షమాపణ అడగడానికి నేను దగ్గరికి వెళ్లాను. మిమ్మల్ని పొరపాటున పుణ్యానికి పిలిచాం అని ఏదో చెప్పబోయాను.

"ఎవరి కోసమని ఎత్తానో దేవుడికి తెలుసు. పైపుల లెక్క ఆయన అడగడు," అన్నాడు. నియ్యత్ గురించి, అంటే పని వెనకున్న సంకల్పం గురించి, నేను ఎన్నో పాఠాలు చదివాను. ఇంత చిన్నది చదవలేదు.

వెల్డర్ రంపం తీశాడు. రెండు పక్కలా ఒక్కో మూర కోసి, చట్రాన్ని మళ్లీ ఎత్తించి తిప్పించాడు. తగిలింది. ఇంకో మూర. తగిలింది. దుప్పటిని మధ్యకు జరిపి కట్టాడు. ముందు హుక్కు కమ్మీ ఉండే చోట ఒక కర్ర కట్టాడు, అదీ లెక్కలోకి రావాలని. ఇంకో మూర కోశాడు. ఈసారి దాదాపు తిరిగి, కిటికీ ఊచ దగ్గర ఆగింది. ఇప్పుడు వీధంతా ఇదే పనిలో ఉంది. ఎటు తిప్పాలో అందరూ చెబుతున్నారు, ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. నాలుగోసారి కోశాక చట్రం మూల దాటి, ఊచకూ పైపుకూ మధ్య ఒక బెత్తెడు విడిచి, గుమ్మం దాకా వెళ్లి ఆగింది. పన్నెండు మూరల బండి ఎనిమిది మూరలైంది.

"గిదే మన టేపు," అన్నాడు వెల్డర్, మిగిలిన పొడవు పైపును కారు మీద కడుతూ.

ఆ పైపు పట్టుకుని మూడు వారాలు కారవాన్లు చూశాం. ఆవరణలోకి వెళ్లగానే లోపలికి ఎక్కి సోఫాలు చూడకుండా, ముందు పైపును పక్కన పెట్టి చూసేవాళ్లం. పైపు కంటే పొడవుంటే తలుపు కూడా తీయనిచ్చేవాణ్ణి కాదు. అర్బాబ్ ఒకసారి, "ముతవ్వా, లోపల చూడ్డానికి కూడా హరామేనా?" అన్నారు. భక్తుడని నన్ను ఆటపట్టించేటప్పుడు ఆయన ముతవ్వా అంటారు.

సరిపోయింది చివరికి దొరికింది. ఒకే ఇరుసు, అది దాదాపు మధ్యలో. రెండు మంచాలు. పైన ఏసీ డబ్బా కూడా వైర్లకు తగలనంత తక్కువ ఎత్తు. బాత్రూం చిన్నది. వెల్డర్ ఒక మంచం ఊడదీసి ఆ చోటు బాత్రూంలో కలిపేశాడు, తలుపు వెడల్పు చేశాడు, పలక ఒకటి చేసి ఇచ్చాడు. అంతా అయ్యాక నాకు ఇంకో అనుమానం వచ్చింది. తలుపు కుడిపక్క ఉంది. సందులోకి మామూలుగా వెళితే గుమ్మం ఎడమపక్కకు వస్తుంది. అప్పుడు తలుపు ఎదురుగోడ వైపు చూస్తుంది. తల పట్టుకుని మళ్లీ చాయ్ హోటల్‌లో టిష్యూ డబ్బా తీశాను. తెలిసిందేమంటే, సందులోకి తోక ముందుగా వెళ్లాలి. అంటే పెద్దరోడ్డు నుంచి మూల దాకా నేను కారవాన్‌ను రివర్సులో తోయాలి.

మబేలా ఖాళీ మైదానంలో పది సాయంత్రాలు నేర్చుకున్నాను. స్టీరింగు ఎడమకు తిప్పితే కారవాన్ కుడికి పోతుంది. చిన్న బండి కావడం వల్ల పొరపాటు చేసిన క్షణంలోనే మడత పడుతుంది. పెద్దదైతే కాస్త ఆలోచించుకునే వేళ ఇస్తుందట. వెల్డర్ ఇటుక మీద కూర్చుని చూసేవాడు.

"మౌలానా, నువ్వు దాన్ని తిప్పుతున్నవా, అది నిన్ను తిప్పుతున్నదా?"

"నేనే తిప్పుతాండా."

"మరి ఇద్దరు ఎదురుబొదురు ఎందుకున్నరు?"

వెళ్లిన రోజు బిస్మిల్లా అని రివర్సు గేరు వేశాను. ఒకసారి కూడా ముందుకు రాకుండా మూల దాకా వెళ్లానంటే అది నా గొప్ప కాదు. అక్కడ హుక్కు విప్పాం. చిన్న చక్రం దించాం. అరుగు మీది వాళ్లు మళ్లీ లేచారు. ఈసారి నవ్వుతూ లేచారు. తెల్లగడ్డం ముసలాయన వచ్చి నా భుజం మీద రెండు వేళ్లతో తట్టాడు. ఈసారి నేను చోటివ్వలేదు, కాస్త జరిగాను అంతే. ఇద్దరం పక్కపక్కన చేతులు ఆనించి తోశాం. బండి మంచంలాగా తిరిగింది, వెల్డర్ చెప్పినట్టే. ఊచకూ దానికీ మధ్య బెత్తెడు మిగిలింది. నేను చెయ్యి పెట్టి చూశాను.

పలక వేశాం. హబూబాను కారులో మూల దాకా, అక్కడి నుంచి కుర్చీలో కారవాన్ దాకా తీసుకొచ్చాం. కొడుకు మా సాయంతో కుర్చీని ఎత్తి ఆమెను లోపలికి చేర్చి తలుపు వేశాడు. కాసేపటికి పలక మీద చక్రాలు దొర్లిన చప్పుడు వినిపించింది. ఆమె నన్ను మంచినీళ్లు అడిగింది. రెండు గ్లాసులు తాగింది.

అర్బాబ్, నేను అక్కగారి కొడుకు ఇచ్చిన ముందు గదిలో ఉన్నాం. మూడు రాత్రులు అయ్యాయి. నాలుగో ఉదయం బయల్దేరాం. దారిలో ఆమె వెనక సీట్లో ప్రశాంతంగా ఉంది. కారవాన్ వెనక గుడగుడమంటూ వస్తోంది. నాకు ఆపుకోలేనంత తెలుసుకోవాలనిపించింది.

"ఏం మాట్లాడుకున్నారు హబూబా, మూడు రాత్రులు?"

"మొదటి రాత్రి అన్నీ మాట్లాడుకున్నాం. రెండో రాత్రి పోట్లాడుకున్నాం. మా చిన్నప్పుడు తప్పిపోయిన మేక కట్టు విప్పింది నేనేనంటుంది. నేను కాదు."

"మూడో రాత్రి?"

"మూడో రాత్రి అది నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. దాని మంచం పక్కన కూర్చున్నాను."

నేను అద్దంలో చూశాను. ఆమె కోపంగా లేదు.

"ఫోనులో ఇద్దరం నోరు మూసుకుంటే లైను పోయిందనుకుని హలో హలో అంటాం," అంది. "అక్కడ ఎవరూ హలో అనలేదు వల్దీ. నిమ్మళంగా ఉండింది." కాసేపు ఆగి మళ్లీ అంది, "ఆ బండిని ఎక్కడా అమ్మేయొద్దని మీ అర్బాబ్‌కు చెప్పు. మేక సంగతి ఇంకా తేలలేదు."